వెలుతురు రాని బీరువా

“లోపలికెళ్ళి నించో,” అన్నాడు భర్త.

ఆమె కదల్లేదు. అతను ప్రేమగా భుజం మీద చెయ్యి వేసినట్టే వేసి, మెడ పక్కన నిన్న కమిలిన చోట బొటనవేలితో నొక్కాడు. ఆమెకి కళ్ళు బైర్లు కమ్మాయి. కిక్కురుమనకుండా వెళ్ళి ఆ పాత టేకు బీరువాలో నిలబడింది.

పాత సామాన్ల దుకాణంలో అది వెనకవైపు గది. దాని తాళం చెవి దుకాణం నడిపే పెద్దావిడ నడుముకే ఉంటుంది. గోడ అవతలి రంపపు మిల్లు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

వాళ్ళింట్లో ఇదివరకే ఒక బీరువా ఉండేది. అందులో బట్టలు పెట్టేవాళ్ళు కాదు. వంటలో ఉప్పెక్కువైనా, ఫోను ఎత్తడం ఆలస్యమైనా అతను ఆమెని అందులోకి నెట్టి, తాళం వేసి, హాయిగా టీవీ చూసుకునేవాడు. పోయిన వారం ఆమె వెనక చెక్క తన్ని పగలగొట్టుకుని వీధి మలుపు దాకా పరిగెత్తింది. జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి, విరిగిన ఆ చెక్కతోనే చితకబాదాడు. చెయ్యి నొప్పెట్టాక ఆపి, ఇలాంటి చవకబారు సరుకు మనకి పనికిరాదు, పాతకాలపు గట్టి బీరువా కొందామన్నాడు. ఎంపికకి ఆమెనే వెంటబెట్టుకొచ్చాడు. కొలత సరిపోవాలి కదా మరి.

“ఎవరి కోసం బాబూ?” అడిగింది పెద్దావిడ.

“మా ఆవిడ కోసమే పెద్దమ్మా.” బయటివాళ్ళ దగ్గర అతను నోట్లో వేలు పెడితే కొరకలేని రకం.

పెద్దావిడ చూపు ఆమె వాచిన దవడ మీద, వేలికున్న కట్టు మీద కాసేపు ఆగింది. తర్వాత నింపాదిగా బీరువా గొప్పలు చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క మేకు లేకుండా చెక్కలో చెక్క దిగేసి బిగించారట. వెనక పలక రెండు వేళ్ళ మందం. బయట రెండు ఇనుప గడియలు. లోపలినించి ఎంత తన్నినా ఊడదు, గొంతు చించుకున్నా బయటికి పెద్దగా వినపడదు.

బట్టల బీరువా అమ్మేవాళ్ళెవరూ అలాంటి మాటలు చెప్పరు. ఈ ముసలిదానికి సంగతంతా అర్థమైంది, అర్థమయ్యే అమ్ముతోంది. అది తెలిసి ఆమెకి మొగుడి మీద కంటే పెద్దావిడ మీదే ఎక్కువ ఒళ్ళు మండింది.

“ఇది వద్దండీ, బాగా ఇరుగ్గా ఉంది,” అంటూ బయటికి రాబోయింది.

అతను తలుపు విసురుగా తోశాడు. ఆమె వేళ్ళు సందులో పడి నలిగాయి. అరుపు గొంతులోనే నొక్కేసుకుంది. గట్టిగా అరిస్తే ఇంకో దెబ్బ పడుతుంది.

“మెల్లగా బాబూ, తలుపు దెబ్బతింటుంది,” అంది పెద్దావిడ.

ధర మాట్లాడటానికి మగవాళ్ళెవరూ లేరా అని అడిగాడు అతను. లేరంది. వాళ్ళాయన ఏరికోరి కొన్న బీరువానట. ఆయన పోయాక దీన్ని ఎవరికీ చూపించలేదట. అడిగినవాళ్ళందరికీ అమ్మే వస్తువు కాదట. అతని ఛాతీ ఉప్పొంగింది.

“కొనేముందు అతుకులు చూసుకోండి,” అంటూ ఆ పద్ధతి చెప్పింది పెద్దావిడ. పాత బీరువా కొనేవాళ్ళు లోపల నిలబడి తలుపులు మూయించుకుంటారు. ఎక్కడైనా వెలుతురు గీత కనిపిస్తే అక్కడ అతుకు వదులైందన్నమాట.

అతను వెంటనే తలుపులు మూశాడు. గడియలు పడ్డాయి. లోపల కటిక చీకటి. ఇక తన బతుకంతా ఈ చీకట్లోనే అనుకుంది ఆమె.

“కనిపిస్తోందా?”

“కనిపిస్తోందండీ. పైన మూల పెద్ద సందుంది.”

అబద్ధం. ఇది కొనకుండా ఇంటికి పోతే చాలు, ఇంకో పాత బీరువా దొరికేలోపు ఏదో దారి దొరక్కపోదు. అతను తలుపు తెరిచి, ఆమెని బయటికి లాగి, మొహంలోకి చూసి, కడుపులో గుద్దాడు. ఆమె మోకాళ్ళ మీద కూలబడింది.

“దీని మాట నమ్మేదెలా పెద్దమ్మా?”

“నమ్మకండి. ఇంత సరుకు కొంటూ ఇంకొకరి కళ్ళతో చూస్తారా? మీరే చూసుకోండి.”

నిజమేననిపించింది అతనికి. పెళ్ళాం కళ్ళని అతనెప్పుడూ నమ్మలేదు. చొక్కా నలక్కుండా సర్దుకుని లోపలికి వెళ్ళి, మూయమన్నాడు. పెద్దావిడ మూసింది. కింది గడియ పడింది, పై గడియ పడింది.

“చీమ తల దూరేంత సందు కూడా లేదు పెద్దమ్మా! ఇదే కావాలి. ఇక తియ్యండి.”

ఆవిడ తియ్యలేదు. అతను మొదట నవ్వాడు. తర్వాత గదమాయించాడు. ఆ తర్వాత తన్నడం మొదలుపెట్టాడు. బీరువా కదల్లేదు. బయటికొచ్చాక పెళ్ళాం కాళ్ళు విరగ్గొడతానన్నాడు, గొంతు కోస్తానన్నాడు, ముసలిదాన్నీ వదలనన్నాడు. ఆ కేకలు పక్కింట్లోంచి వస్తున్నట్టు వినపడుతున్నాయి.

అలవాటైన భయంతో ఆమె చెయ్యి గడియ మీదికి పోయింది. పెద్దావిడ ఆ మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టకుండా.

“తెరిస్తే ఏం చేస్తాడో నాకంటే నీకే బాగా తెలుసమ్మాయ్. నీ ఇష్టం.” చెయ్యి వదిలేసింది.

ఆమె గడియ పట్టుకుని, చెక్కకి చెవి ఆనించి నిలబడింది. లోపలినించి అతను చెబుతూనే ఉన్నాడు, ముందు ఏ వేలు విరుస్తాడో, తర్వాత ఏది విరుస్తాడో. ఆమె విన్నంతసేపు విని, గడియ వదిలేసి, పక్కనున్న పాత స్టూలు మీద చతికిలబడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అతను కొట్టలేనంత దూరంలో ఉన్నాడు.

పెద్దావిడ గది తలుపు లోపలినించి మూసొచ్చి, నలిగిన ఆ వేళ్ళకి తడిగుడ్డ చుట్టింది.

“ఎంతసేపు అరుస్తాడండీ?” అని అడిగింది ఆమె.

“మా ఆయన మూడో రోజుకి మానేశారు.”