రేపటి మాట

"ఐ విల్ జాయిన్ ఆన్ మండే." నజియా ఫ్యూచర్ టెన్స్ వాక్యాన్ని మూడోసారి వల్లె వేసింది. రేపే పాల్వంచలో టీచర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

"రేపటి ముచ్చట అల్లా తలిస్తెనే అయితది, ఇన్షా అల్లా అనవేంది? గంత పొగరా?" అత్త సర్వరీ బేగం కసిరింది.

"పుస్తకంల గట్ల లేదత్తమ్మా."

"అయితే ఆ పుస్తకంతోనే కాపురం చెయ్!"

నజియా కుట్టుమిషన్ ముందున్న భర్త వైపు తిరిగింది. "పొద్దుగాల బస్టాండ్ల దించుతరా?"

"ఇన్షా అల్లా," అన్నాడు అర్షద్ తలెత్తకుండా.

"బీఎడ్ పరీక్షప్పుడు గూడ గిట్లనే అన్నరు. బస్సు పోయినంక లేచిన్రు."

సర్వరీ బేగం కొడుకును తేరిపార చూసింది. "అల్లా పేరు చెప్పి ఎగ్గొడుతున్నవారా?"

మిషన్ ఆగిపోయింది.

"నేనే తోల్కపోత," అందామె. కోడలి మీదా విరుచుకుపడింది. "నన్నేం చూస్తున్నవ్? చదువు!"