ఇంకొక్క హెడ్డర్

"ఒక్కసారి తలతో కొట్టండి సార్, వీడియో తీసుకుని వెళ్ళిపోతాం," అన్నాడు ఫుట్‌బాల్ క్లబ్బు ముసలి సెక్రటరీ, బంతి పైకెత్తి.

ఒకప్పుడు గోల్స్‌లో అందరి రికార్డులూ బద్దలు కొట్టి, ఇప్పుడు భార్య పేరు కూడా మరిచిపోయిన ఆ మనిషి బుద్ధిగా లేచి నిలబడ్డాడు.

"బంతి దెబ్బలు తగిలి తగిలే మతి పోయిందని డాక్టరు చెప్పారండీ!" అంది భార్య.

"మెత్తటి బంతేనమ్మా. రేపు మా వేడుకలో జనం చూడాలిగా!"

విసిరాడు. ఆయన ఒళ్ళు దానంతటదే ఎగిరింది. బంతి నుదుటికి తగిలి గోడకి కొట్టుకుంది.

"అద్భుతం! వెలుతురు చాల్లేదు, ఇంకొక్కటి."

ఆయన కణతలు నొక్కుకుంటూ భార్య వైపు వంగాడు. "తల పగిలిపోతోంది. సెక్రటరీకి చెప్పకు, జట్టులోంచి తీసేస్తాడు."

ఆమె నివ్వెరపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్కనాడూ తలనొప్పి అనలేదు.

సెక్రటరీ పకపకా నవ్వాడు. "అప్పుడూ ఇదే గోల! రెండు మాత్రలు మింగించి మైదానంలోకి తోసేవాళ్ళం."

ఆమెకి ఆ ఆటలు గుర్తొచ్చాయి. అప్పుడు గ్యాలరీలో కూర్చుని అరచేతులు మండేలా చప్పట్లు కొట్టింది తనే.

భర్తని కూర్చోబెట్టి, బంతి తీసి వీధిలోకి విసిరేసింది.

"దాని వెనకే మీరూ నడవండి."