ముందుచూపు

“మీ కిడ్ ఎక్కడున్నాడు ఆంటీ?” అని అడిగింది ఈషా.

శ్రీవల్లి చటుక్కున రెండు చేతులూ కోటు జేబుల్లోకి తోసేసింది. పెళ్లి గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు మరి. పక్కనున్న సుధీంద్ర, గోడమీది మూలకాల పట్టికని జీవితంలో మొదటిసారి చూస్తున్నవాడిలా చూడసాగాడు.

“ఇంకా రాలేదమ్మా,” అంది శ్రీవల్లి.

“నో ప్రాబ్లెమ్. ల్యాబ్ వన్ అవర్ ఓపెన్ ఉంటుంది. వచ్చాక తీసుకురండి,” అంది ఈషా. ఆ పిల్ల అక్కడే పదో తరగతి. ఇవాళ వచ్చినవాళ్లకి బడి తిప్పి చూపించడం ఆమె పని.

జర్మనీలో, జిండెల్ఫింగెన్‌లోని ఆ సర్కారు జిమ్నాజియంలో, అంటే అయిదో తరగతి నుంచి మొదలయ్యే హైస్కూల్లో, చురుకైన పిల్లల కోసం ఒక ప్రత్యేక విభాగం ఉంది. పరీక్ష పెట్టి ఏరి మరీ తీసుకుంటారు. ఏడాదికోసారి తల్లిదండ్రులు వచ్చి చూసుకోవచ్చు. ఇంకా తల్లీ తండ్రీ కాని ఈ జంట ఇక్కడ తేలడానికి కారణం రవీంద్రనాథ్ గారు. ఊళ్లోని తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుకి ఆయనే అడ్మిన్. పెళ్లి ముహూర్తం పెట్టుకున్న రోజే సుధీంద్ర ఆ గ్రూపులో చేరిపోయాడు. మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. ముందువైపు జుట్టు పలచబడింది. భుజాన బడివాళ్లు ఉచితంగా ఇచ్చిన గుడ్డసంచి, అందులో బల్లబల్లకీ ఆగి ఏరుకున్న పెన్సిళ్లు.

“నాలుగో క్లాసయ్యాక చూద్దాంలే అనుకుంటే అంతే సంగతులు సుధీంద్ర గారూ! ఇక్కడి ప్లేస్కూలు, అదే కిటా నుంచే ప్లానింగ్ ఉండాలి. కిటాలో సీటు కావాలంటే బిడ్డ కడుపులో ఉండగానే పేరు రాయించాలి. మీరు ఆల్రెడీ లేటు,” అన్నారాయన.

“మాకు పెళ్లయి నెలే అయిందండీ,” అన్నాడు సుధీంద్ర.

“అదే చెప్తున్నా. నెల వేస్ట్ చేశారు.”

అసలు సమస్య ఇల్లు. రెండు ఇళ్లు ఒకేసారి దొరకడం ఆ ఊళ్లో లాటరీ తగిలినట్టే. రెండింటి ఓనర్లూ మధ్యాహ్నంలోగా మాట చెప్పమన్నారు. ఒకటి ఈ బడి వెనకే ఉంది. కింది వాటా. కిటికీ తెరిస్తే చెత్తడబ్బాలు. రెండోది ఊరి అవతలి కొసన, బేకరీ పైన. దానికి బుజ్జి బాల్కనీ. రెండు కుర్చీలూ ఒక కరివేపాకు కుండీ సరిగ్గా పడతాయి. చూడటానికి వెళ్లినప్పుడు అక్కడే నిలబడి ఇద్దరూ ఉప్పు చల్లిన ముడిరొట్టె, ఒకే వేడి బ్రెట్సెల్ తుంచుకు తిన్నారు. సుధీంద్ర మీసం మీద ఒక ఉప్పుపలుకు ఎండకి మెరిసింది. ఆ క్షణానే శ్రీవల్లి మనసులో ఆ ఇంట్లో పాలు పొంగించేసింది.

“బాల్కనీలో కూర్చుంటే మ్యాథ్స్ వస్తాయా చెల్లెమ్మా?” అన్నారు రవీంద్రనాథ్ గారు ఆ రెండిళ్ల సంగతీ విని.

“గాలీ వెలుతురూ ఉంటే పిల్లలకి మంచిది కదండీ.”

“గాలి వస్తే పిల్లాడు బయటికి చూస్తాడు. బయటికి చూశాడా, పోయాడే!”

శ్రీవల్లి వదల్లేదు. ల్యాబ్‌లో ఉన్న టీచరమ్మని ఈషా చేత అడిగించింది, ఇల్లు దగ్గరుంటే సీటు తేలిగ్గా వస్తుందా అని. ఆవిడ నవ్వేసి తల అడ్డంగా ఊపింది.

“అలాంటిదేం లేదంట ఆంటీ. నేనే డైలీ వన్ అవర్ ట్రైన్‌లో వస్తా. స్కూల్లో బెస్ట్ పార్ట్ అదే! ఫ్రెండ్స్ అందరం కార్డ్స్ ఆడుకుంటాం.”

“విన్నారా?” అన్నారు రవీంద్రనాథ్ గారు గుండె మీద చెయ్యేసుకుని. “రోజూ గంట! ఆ గంటలో ఎన్ని లెక్కలు చెయ్యొచ్చు! టీచర్లు అలాగే అంటారు. మనం రిలాక్స్ అయిపోతే సీట్లు వేరేవాళ్లు పట్టుకుపోతారు.”

సుధీంద్ర భార్యని మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

“వల్లీ, రేపు మనవాడు ‘నాన్నా, బాల్కనీ కోసం నా ఫ్యూచర్ వదిలేశావా’ అని నిలదీస్తే?”

“వాడు జర్మన్‌లో నిలదీస్తాడు. మనకెలాగూ అర్థం కాదు.”

అతను నవ్వాడు కానీ నుదుటి మీద ముడి విడలేదు. ఇంకా పుట్టని కొడుకు కోసం ఇంత కంగారుపడే మనిషిని చూస్తే శ్రీవల్లికి జాలేసింది. ముద్దు కూడా వచ్చింది.

“సరేలే. కరివేపాకు వంటింట్లో పెంచుకుందాం. చెప్పెయ్,” అంది.

సుధీంద్ర అక్కడే నిలబడి బడి వెనకింటికి సరేననీ, బేకరీ పైయింటికి వద్దనీ మెసేజులు పెట్టేశాడు. బేకరీ ఇంటావిడ దగ్గర్నుంచి ఒక్క బ్రెట్సెల్ బొమ్మా, దాని పక్కన ఏడుపు మొహమూ వచ్చాయి. శ్రీవల్లి మొహం తిప్పుకుంది.

“శభాష్! పేరెంట్స్ అంటే ఇలా ఉండాలి,” అంటూ రవీంద్రనాథ్ గారు సుధీంద్ర భుజం తట్టారు. సంచిలోంచి ఒక పెన్సిల్ తీసి శ్రీవల్లి చేతిలో పెట్టారు. తర్వాత గొంతు తగ్గించారు. “ఆ బాల్కనీ ఇంటావిడ నంబరు నాకోసారి పంపుతారా?”

“ఎవరికండీ?” అన్నాడు సుధీంద్ర.

“నాకే.”

శ్రీవల్లి తెల్లబోయింది. “స్కూలుకి అంత దూరం కదా అన్నయ్యగారూ! మరి మీ బాబు చదువు?”

“బాబెక్కడ చెల్లెమ్మా, ముందు పెళ్లి కావాలిగా!” అన్నారాయన సిగ్గుపడుతూ. “మొన్న చూసిన అమ్మాయి, బాల్కనీ ఉన్న ఇల్లయితేనే సరేనంది.”