అబ్దుల్ మేకపోతుకు సూది

అబ్దుల్ కుట్టుమిషన్ మీంచి తలెత్తేసరికి, ఎవరో ముసలాయన తన మేకపోతు నోరు తెరిచి లోపలికి తొంగిచూస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? మా పోతు నోట్ల ఏం ఎతుకుతున్నవ్?"

"పుండ్లున్నయేమోనని చూసిన సాబ్. లేవు. మంచిగున్నది" అన్నాడు ముసలాయన, సొంత మనవడికి జ్వరం తగ్గినంత సంబరంగా.

అబ్దుల్‌కు ఒళ్లు మండింది. ఆరేళ్ల తర్వాత ఈ ఏడే సొంతంగా కుర్బానీ ఇవ్వబోతున్నాడు. కిందటివారం మెదక్ సంతలో దలాల్‌తో బేరమాడించి తెచ్చుకున్న పోతు అది. బక్రీద్‌కు ఇంకా రెండు నెలలుంది. ఈలోగా ఎవరి కన్నూ పడకూడదని భార్య రబియా గేటుకు గోనెపట్టా కూడా కట్టించింది. ఆ గోనెపట్టా పక్కకు తప్పించుకునే వచ్చాడీ ముసలాయన!

వెనకే ఐస్‌డబ్బా పట్టుకుని ఒకమ్మాయి స్కూటీ దిగింది. పశువుల దవాఖానా డాక్టర్ కావ్య.

"హవేలిఘనపూర్ దిక్కు మేకలకు పారుడు రోగం వచ్చింది సాబ్. వైరస్. నోరంత పుండ్లయి, పారుకుంట పారుకుంట వారంల పానం పోతది. ముందుగాల సూది ఏస్తే ఫికర్ ఉండదు."

"సూది వద్దు మేడం. సూది ఏసి, చెవికి చిల్లుపెట్టి నంబర్ బిళ్ల తగిలిస్తరు. చెవికి ఐబ్, లోపం ఉన్న జానవర్‌ను కుర్బానీ ఎట్ల ఇయ్యాలె?"

"చెవి ముట్టం సాబ్" అన్నాడు ముసలాయన. "కొమ్ముకు జర రంగు పూస్తం, గంతే."

"నువ్వు చుప్ ఉండు. మేడం మాట్లాడుతుంటే నడిమిట్ల అటెండర్‌వి నీకెందుకు?"

ముసలాయన కదల్లేదు. గేటు పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఎండ ఎక్కుతున్నది. ఇంకో ఇంటికి పోదాం పాండ్రి" అంది కావ్య.

"దీనికి సూది పడంగనే పోదాం బిడ్డా."

అంతలో పరదా వెనక నుంచి రబియా గొంతు వినిపించింది.

"పోతు బతికుంటెనే కద చెవి ఉండేది! ఏయించుండ్రి."

అబ్దుల్ లేచాడు. పోతును పట్టుకోబోతే అది కొమ్ములతో ఒక్కటిచ్చింది. గల్లీ అందరి బట్టలూ కుట్టే అబ్దుల్ లుంగీ జానెడు చిరిగింది.

ముసలాయన లేచి వచ్చాడు. పోతును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, చెవులకు చెయ్యి తగలకుండా మెడ పట్టుకున్నాడు. అది 'మే' అనేలోపే కావ్య సూది వేసేసింది. కొమ్ముకు ఎర్రరంగు పూసింది.

డాక్టరమ్మకు కుర్చీ వచ్చింది. చాయ్ వచ్చింది. ఉస్మానియా బిస్కెట్లూ వచ్చాయి.

ముసలాయన బయట నల్లా దగ్గర చేతులు కడుక్కున్నాడు. దోసిలితో ఇన్ని నీళ్లు తాగి పక్క గల్లీలోకి నడిచాడు. ఆయన్ని కూర్చోమన్నవాళ్లు లేరు.

అబ్దుల్ పోతు చెవులు రెండూ తడిమి చూసుకున్నాడు. చెక్కుచెదరలేదు. ఇక పండక్కి దిగులు లేదు. మనసు కుదుటపడితే మనిషికి నాలుగు మంచిమాటలు చెప్పబుద్ధేస్తుంది కదా, అబ్దుల్‌కూ వేసింది.

"మేడం, మీ అటెండర్‌కు జర అదబ్ నేర్పుండ్రి. అడగకుంట ఒకరి పోతు నోట్ల చెయ్యి పెడ్తరా?"

కావ్య చాయ్ కప్పు కింద పెట్టింది.

"ఎల్లం తాత మా అటెండర్ కాదు సాబ్. సూది ఏయించకుంటనే సంతల అమ్మేసిన పదకొండు పోతుల కోసం, రోగం సంగతి తెల్సినకాడికెల్లి ఇల్లిల్లు దేవులాడుతుండు. మీ పోతు ఆయన మందలదే."