రెండంగుళాలు

అన్న కొట్టిన దెబ్బకు తమ్ముడు మెకానిక్ షెడ్డులోని పాత టైర్ల మీద వెల్లకిలా పడ్డాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది.

"పన్నెండేళ్లు కొండలెక్కించిన బండిరా ఇది! కంపెనీవాళ్లు మోడల్ మార్చి కొత్త బైకు దించగానే దీన్ని అమ్మెయ్యమంటావా?" అంటూ అన్న అతని కాలరు పట్టి లేపి మళ్లీ కొట్టాడు.

"నీదాన్నే అమ్మమన్నాను. నేను నా పాతదాన్నే ఉంచుకుంటాను."

"అంటే నీది బంగారం, నాది తుక్కా?"

అన్న రెంచి ఎత్తాడు. మెకానిక్ పరుగున వచ్చి ఆ చెయ్యి ఒడిసిపట్టాడు.

"కొట్టు. కానీ విను" అన్నాడు తమ్ముడు, నెత్తురు ఉమ్మేసి. "కొత్తదానికి సీటు రెండంగుళాలు కిందికి దించారు. యాక్సిడెంట్ తర్వాత నీ ఎడమకాలు పొట్టిదైంది. మొన్న సిగ్నల్ దగ్గర కాలు నేలకందక బండితో సహా పడ్డావు. నేను నీ వెనకాలే ఉన్నాను."

అన్న ముఖం పాలిపోయింది.

"చూసి కూడా లేపడానికి రాలేదేంరా?"

"వస్తే సిగ్గుపడి బండెక్కడమే మానేస్తావని భయమేసిందన్నా."

మెకానిక్ చెయ్యి వదిలేశాడు. అన్న రెంచి కింద పెట్టి, తమ్ముడి పక్కనే టైర్ల మీద కూలబడ్డాడు. ఏడాదిగా అందరి దగ్గరా దాస్తున్న ఎడమకాలిని మొదటిసారి బార్లా చాపాడు.

"ఎన్ని అంగుళాలన్నావు?" అని మెల్లగా అడిగాడు.