తాళం వేసిన గ్లవ్స్

విజయనగరంలో ఆ ప్రైవేటు ఆస్పత్రివాళ్లు నర్సులకు గ్లవ్స్ కొనలేదని ఎవరూ అనలేరు. కేన్సరు మందులు కలిపే గదిలో అద్దాల బీరువా నిండా ఉన్నాయి. తనిఖీ రోజున తాళం తీస్తారు, తొడిగిస్తారు, సాయంత్రానికి విప్పించి మళ్లీ లోపల పెట్టేస్తారు.

పదేళ్లు అక్కడే ఉత్త చేతులతో మందు కలిపిన జ్ఞానసుందరి సిస్టరు, మొన్న క్రిస్మస్‌కి అదే ఆస్పత్రిలో రక్త కేన్సరుతో పోయింది. చిన్నప్పుడు చెరకు గానుగలో ఎడమ చిటికెన వేలు తెగిపోయిన ఆమె చెయ్యి తోటి నర్సు కృపారాణికి బాగా గుర్తు.

ఇప్పుడా మందులు కలిపే బల్ల కృపారాణిది. ఆమెకు మూడో నెల. చెబితే ఉద్యోగం ఉండదని ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి ఎర్ర మందు సిరంజిలోకి లాగుతుంటే, వెనకాల రబ్బరు సాగి టప్పుమంది. అచ్చం గ్లవ్ తొడుక్కున్న చప్పుడు.

"ఎవులది?"

గదిలో ఎవరూ లేరు. బీరువాకు తాళం వేసే ఉంది. లోపల ఒక జత గ్లవ్స్ నిటారుగా లేచి ఉన్నాయి, వేళ్లన్నీ నిండుగా. ఎడమ చిటికెన వేలు మాత్రం ఖాళీగా వేలాడుతోంది.

కృపారాణి సిరంజి బల్ల మీద పెట్టి బీరువా దగ్గరకెళ్లింది.

"సచ్చినాక ఇచ్చినారేటక్కా?"

లోపల నిండు వేలొకటి ముందుకు వంగింది. అద్దం మీద, సరిగ్గా ఆమె కడుపు ఎత్తున, మెల్లగా తట్టడం మొదలుపెట్టింది.