రాయబారం

"చిట్టీ, తాళంచెవి ఎక్కడ పెట్టారో మీ నాన్నని అడుగు!" అంది తల్లి, సొరుగులన్నీ లాగి వెతుకుతూ.

"నాకు తెలీదని మీ అమ్మకి చెప్పు," అన్నాడు తండ్రి, గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి బూటు తొడుక్కుంటూ.

చిట్టికి రెండున్నరేళ్లు. "అమ్మా" అంటుంది, "పాలు" అంటుంది. ఆ రెండూ కలిపి మాత్రం అనదు. అందుకే ఇవాళ డాక్టరు దగ్గరికి ఈ ప్రయాణం, ఈ హడావిడి. మొగుడూ పెళ్లాల మధ్యేమో చాలా రోజులుగా మాటల్లేవు. ఏ కబురైనా ఆ పసిదాని మీదుగానే నడుస్తోంది.

"టైమైపోతోందని మీ నాన్నకి చెప్పవే!"

"ఆ అరుపులు ఆపమని చెప్పమ్మా!"

చిట్టి అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది. చివరికి విసుగొచ్చి హాలు మధ్యలో చతికిలపడింది. తల్లి వంక చూస్తూ నాన్న వైపు చెయ్యి చూపించింది.

"అమ్మా, నువ్వే చెప్పు."

తల్లి చేతిలో సొరుగు అలాగే ఉండిపోయింది. తండ్రి బూటు వదిలేసి లోపలికొచ్చాడు.

"విన్నావా?" అన్నాడు. ఈసారి చిట్టితో కాదు, భార్యతోనే.

"ఊఁ," అంది ఆమె.

దానికి ఇంకో మాట కలుపుదామని ఎంత చూసినా, ఆమె వల్ల కాలేదు.